బండల కోర్టులో వెంటమనిషి

హగరి విశ్వవిద్యాలయం పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్ళు క్రీడావిభాగం గదికి పోయి లాభం లేదు. అక్కడ అద్దాల బీరువాలో కొన్ని కప్పులు, వాటి పైన నవ్వుతున్న ఒక మాజీ ఉపకులపతి ఫొటో, అంతే. ఆదోనిలో ఎముకలు కట్టే డాక్టర్లను అడిగితే అసలు చరిత్ర దొరుకుతుంది. పగిలిన మోకాటి చిప్పలు, విరిగిన మణికట్లు, ఊడిన ముందుపళ్ళు, పక్కకు తిరిగిన ముక్కులు. జట్టు గెలిచినా అవే, ఓడినా అవే. క్రీడలు మనుషుల్ని కలుపుతాయని వార్షికోత్సవాల్లో చెప్పుకుంటారు. ఈ జట్టు మనుషుల్ని కలిపింది ఆసుపత్రి వార్డుల్లోనే.

ఆ జట్టులో అందరికంటే ఎక్కువ కొట్టినవాడూ, అందరికంటే ఎక్కువ తిన్నవాడూ ఒక్కడే. పేరు ఉరుకుందప్ప. ఆలూరుకు పడమట ఉన్న పల్లె మనిషి. అతని కథకు ముందు కోర్టు కథ చెప్పాలి. ఆ కోర్టు మామూలు కోర్టు అయి ఉంటే ఇతని గురించి రాసేంత సంగతి ఉండేది కాదు.

విశ్వవిద్యాలయం పెట్టిన కొత్తలో దానికి రాళ్ళగుట్ట పక్కన కొంత ఎర్రనేల, రెండు భవనాలు, ఒక బోరు ఉన్నాయి. తనిఖీ కమిటీ వస్తోందని, ఏదో ఒక ఆటస్థలం చూపించాలని హడావుడి మొదలైంది. కబడ్డీకి మట్టి చాలు, కానీ మట్టి ఫొటోలో బాగా రాదు. బాస్కెట్‌బాల్ అయితే రెండు స్తంభాలు, రెండు రింగులు దూరానికి కనబడతాయి. బేతంచెర్ల వైపు గనులున్న ఒక దాత లారీలకొద్దీ నాపబండలు పంపించాడు. వాటిని పరిచే పని మేస్త్రి సుంకన్నకు అప్పజెప్పారు. సుంకన్న జీవితమంతా ఇళ్ళకు, వసారాలకు, గుడి ముంగిళ్ళకు బండలు పరిచినవాడు. ఆటకోర్టు ఎట్లా ఉంటుందో ఆయన చూడలేదు, ఆయనకు చూపించిన వాళ్ళూ లేరు. అందుకని ఇంటికి పరిచినట్టే పరిచాడు. నునుపు ముఖం పైకి పెట్టాడు. నీళ్ళు ఈశాన్యానికి పారేట్టు వాటం ఇచ్చాడు. ఆటకు వాస్తు ఏమిటని ఒక్క ఇంజనీరు కూడా అడగలేదు. ఉపకులపతి అయితే ఈశాన్యం వాటం చూసి ముచ్చటపడి సుంకన్నకు శాలువా కప్పాడు.

మొదటి మ్యాచికి బయటి నుంచి ఒక కళాశాల జట్టు వచ్చింది. కొత్త బూట్లు, ఒకే రంగు బట్టలు. వాళ్ళ కెప్టెన్ బంతి పట్టుకుని పరిగెత్తుకొచ్చి రింగు ముందు ఆగాడు. మనిషి ఆగాడు గానీ బూట్లు ఆగలేదు. మోకాలు బండకు తగిలిన చప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్‌కు వినబడిందట. బూట్లు కొనే స్తోమత లేక వట్టికాళ్ళతో దిగిన హగరి పిల్లలు ఆ రోజు గెలిచారు. గెలిచాక వాళ్ళకు సంగతి అర్థమైంది. అప్పటినుంచి గీత పక్కన గోనెపట్టాలు తడిపి పరిచేవాళ్ళు. ఆట మధ్యలో సందు దొరికినప్పుడల్లా పట్టా మీద పాదాలు తడుపుకుంటే బండ మీద పట్టు దొరుకుతుంది. ఆ పట్టాల నీళ్ళు సుంకన్న ఇచ్చిన వాటం వెంబడి పోయి ఈశాన్యం మూలలో నిలిచేవి. ఆ కరువు నేలలో చుట్టుపక్కల పాచి పట్టిన చోటు అదొక్కటే. ప్రత్యర్థి జట్టులో బాగా ఆడేవాణ్ణి మెల్లగా ఆ మూలకు నెట్టుకుపోవడం హగరి జట్టు ఆట. పశువును తోలినట్టు తోలాలి, అంతే. 'ఈశాన్యానికి తోలడం' అనే మాట అట్లా పుట్టింది.

బయటికి పోయి ఆడినప్పుడు హగరి జట్టు ఓడిపోయేది. బదులు తీర్చుకునే జనం కూడా అక్కడే ఉండేవాళ్ళు. ఒకసారి వాళ్ళ బస్సు అద్దాలన్నీ రాళ్ళతో పగలగొట్టారు. ఇంకోసారి హగరి పిల్లాడొకణ్ణి ఆట అయ్యాక స్నానాల గదిలో పెట్టి కొట్టారు, వాడికి ఒక చెవి ఇప్పటికీ వినబడదు. ఏడాదిపాటు జట్టును ఆపేశారు. మళ్ళీ ఇంకో తనిఖీ వచ్చింది. మళ్ళీ జట్టు వచ్చింది.

ఈసారి జట్టును శ్రీనివాసులు సార్ చేతిలో పెట్టారు. ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడు, కబడ్డీ మనిషి. బాస్కెట్‌బాల్ నియమాలు పుస్తకంలో చదివి నేర్చుకున్నాడు, చదివినదంతా నమ్మలేదు. అదే ఏడు జమ్మలమడుగు వైపు నుంచి భూపేష్ అనే కుర్రాడు ఎంబీయేలో చేరాడు. పెన్న ఒడ్డున పొలాలు, కాంట్రాక్టులు, కాస్త రాజకీయం ఉన్న ఇల్లు. భూపేష్ జీపులో వచ్చాడు. జీపుతోపాటు రంగన్న అనే మనిషి వచ్చాడు. రంగన్న ఏ కోర్సులోనూ చేరలేదు, అయినా రెండేళ్ళు క్యాంపస్‌లోనే ఉన్నాడు. భూపేష్‌కు ఆట వచ్చు, అందులో అబద్ధం లేదు. చెక్కనేల ఉన్న పెద్ద బడిలో నేర్చుకున్నాడు. దూరం నుంచి కూడా బంతి రింగుకు తగలకుండా లోపలికి దిగేది.

శ్రీనివాసులు సార్ అతని చుట్టూ జట్టు కట్టాడు. కట్టిన తీరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ ప్రాంతంలో పెద్దమనిషి బయటికి అడుగుపెడితే ముందర ఇద్దరు, వెనక ఒకరు, కుడిభుజం పక్కన ఒకడు నడుస్తారు. కుడిభుజం పక్కన నడిచేవాడే వెంటమనిషి. దెబ్బ వస్తే ముందు అతనికి తగలాలి, దెబ్బ కొట్టాల్సి వస్తే ముందు అతని చెయ్యే లేవాలి. సార్ ఆ వరసను అట్లాగే తెచ్చి కోర్టు మీద పెట్టాడు. ఒకడు బంతి వేస్తాడు, నలుగురు కాస్తారు. ఐదుగురూ ఆడాల్సిన ఆటను ఇట్లా చేయడం తప్పని మన వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. చిన్నప్పటినుంచి కళ్ళారా చూస్తున్న ఊరేగింపే కదా.

కుడిభుజానికి తగిన మనిషి కావాల్సి వచ్చింది. అప్పుడు దొరికాడు ఉరుకుందప్ప.

ఉరుకుందప్పది వానమీద బతికే పల్లె. పంట చేతికొచ్చినా రాకపోయినా చలికాలం మొదలయ్యేసరికి అక్కడ పని ఉండదు. ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లల్ని, కోళ్ళను, బియ్యం మూటలను వ్యాన్లలో వేసుకుని గుంటూరు వైపు మిరపకోతలకు పోతారు. దాన్ని సుగ్గి అంటారు. ఉరుకుందప్ప నడక నేర్చింది సుగ్గి పాకల్లోనే. తండ్రి లేడు. తల్లి హులిగెమ్మ వెంట సాళ్ళలో వంగి కాయలు కోస్తూ, ఏడాదిలో సగం బడి పోగొట్టుకుంటూ పెరిగాడు. మిరప ఘాటుకు చేతులు మండుతుంటే కళ్ళు తుడుచుకోకూడదని అతనికి అక్షరాలకంటే ముందు తెలుసు. పదిహేనేళ్ళకే గుమ్మాలు తగిలేంత ఎత్తయ్యాడు. ఎట్లాగో డిగ్రీ గట్టెక్కాక, ఎమ్మే చరిత్రలో సీటు ఖాళీగా ఉందని, హాస్టల్లో రెండు పూటలా అన్నం పెడతారని విని హగరిలో చేరాడు. చరిత్ర మీద అతనికి ప్రత్యేకమైన ప్రేమేం లేదు.

చేరిన నెలకే హాస్టల్ ముందు నీళ్ళ ట్యాంకర్ దగ్గర గొడవ జరిగింది. సీనియర్లు ముగ్గురు అతని బిందెను తన్నారు. ఉరుకుందప్ప వసారాలో ఉన్న ఇనుపమంచం ఎత్తి వాళ్ళమీద విసిరాడు. ఒకడికి మెడకింద ఎముక విరిగింది, ఇంకొకడి తల చీలింది. అతన్ని పంపేయాలని కమిటీ కూర్చుంది. శ్రీనివాసులు సార్ ఆ గదిలోకి పోయి, అతన్ని బయటికి పిలుచుకొచ్చాడు.

"ఏమప్పా, మంచం ఎత్తి ఇసిరినావంట. శానా బరువుండాదా?"

"మంచం బరువు లేదు సార్. మనుషులు అడ్డమొచ్చినారు."

"సాయంత్రం కోర్టుకు రా."

ఆ విధంగా ఒక క్రీడాకారుడు తయారయ్యాడు. హాస్టల్ ఫీజు మాఫీ అయింది. ఉరుకుందప్పకు నేర్పింది ఒక్కటే: భూపేష్ చేతిలో బంతి ఉన్నంతసేపు అతని కుడివైపు ఉండాలి, బంతి కోసం ఎవరి చెయ్యి వచ్చినా ఆ చేతి వెనకున్న మనిషికి సమాధానం చెప్పాలి. మోచేయి పక్కటెముకల కిందికి పోవాలి. రెఫరీ అటు తిరిగి ఉంటే మోకాలు తొడలోకి పోవాలి. నంద్యాలలో ఒక ఆటలో భూపేష్ జుట్టు పట్టుకున్నవాణ్ణి మొహంతోనే గుద్ది, వాడి నుదుట్లో తన ముందుపళ్ళు రెండూ వదిలేసి వచ్చాడు. ఇంకోచోట ఒకడి వేళ్ళు వెనక్కి విరిచాడు. వాళ్ళ మనుషులు ఆట అయ్యాక ఇతన్ని గోడకు నిలబెట్టి క్రికెట్ బ్యాటుతో వీపు మీద కొట్టారు. మూడురోజులు బోర్లా పడుకుని, నాలుగోరోజు సాధనకు వచ్చాడు.

ఐదు ఫౌళ్ళు చేస్తే మనిషిని బయటికి పంపేస్తారు. ఉరుకుందప్ప ఐదూ సగం ఆటకే అయిపోయేవి. తక్కిన సగం తడి గోనెపట్టా మీద కూర్చుని చూసేవాడు. బంతి పొరపాటున అతని చేతికొస్తే భూపేష్ చెయ్యి చాపేవాడు, ఇతను ఇచ్చేసేవాడు.

మొదటి ఏడు చివర్లో కర్నూలులో ఒకసారి ఇవ్వలేదు. బోర్డుకు తగిలిన బంతి తిన్నగా వచ్చి చేతుల్లో పడింది. దగ్గర్లో ఎవరూ లేరు. ఎగిరి రింగులో వేశాడు, పడింది. జట్టు గెలిచింది కూడా. ఆట అయ్యాక బస్టాండులో టీ అంగడి ముందర రంగన్న చెప్పు తీసి ఉరుకుందప్ప చెంపమీద కొట్టాడు.

"బంతి ఎవురిదిరా?" అని అడిగాడు.

ఉరుకుందప్ప "అన్నది" అన్నాడు.

రెండో చెంపమీద కూడా కొట్టి రంగన్న చెప్పు వేసుకున్నాడు. భూపేష్ టీ తాగుతూ చూశాడు. శ్రీనివాసులు సార్ బస్సు బోర్డులు చదువుతున్నాడు. ఇనుపమంచం విసిరినవాడు చెప్పుదెబ్బ తిని ఊరుకోవడాన్ని కొందరు విశ్వాసం అన్నారు, కొందరు సంస్కారం అన్నారు. రెండూ కాదు. జట్టు పోతే హాస్టల్ పోతుంది. హాస్టల్ పోతే సుగ్గి వ్యాను ఎక్కాలి. అంతకంటే లోతుకు పోవాల్సిన పని లేదు.

చివరి ఏడు ఒక కబురు వచ్చింది. చుట్టుపక్కల విశ్వవిద్యాలయాల పోటీ ఫైనల్ హగరి కోర్టు మీదే జరుగుతుంది. సెలెక్టర్లు ఇద్దరు వస్తారు. జోనల్ జట్టుకు వాళ్ళు ఎంచుకున్నవాళ్ళు స్పోర్ట్స్ కోటాలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టుకోవచ్చు. భూపేష్‌కు ఆ ఉద్యోగంతో పని లేదు. ఉరుకుందప్పకు అదొక్కటే దారి. ముందటి సుగ్గిలో పక్క చేనులో కొట్టిన మందు గాలికి వచ్చి హులిగెమ్మ కళ్ళలో పడింది. మళ్ళీ మిరపచేలోకి దిగితే చూపు మిగలదని డాక్టరు చెప్పాడు. కొడుక్కు ఉద్యోగం వస్తే ఆమె ఇంటి దగ్గర ఉంటుంది. రాకపోతే వ్యాను ఎక్కుతుంది.

సెలెక్టర్లు ఏం చూస్తారని ఉరుకుందప్ప సార్‌ను అడిగాడు. బుట్టలో వేసినవాణ్ణి చూస్తారని, ఆట చివరిదాకా కోర్టు మీద నిలబడినవాణ్ణి చూస్తారని సార్ చెప్పాడు. ఈ రెండు పనులూ ఉరుకుందప్పను ఎవరూ చేయనివ్వలేదు.

ఫైనల్ పొద్దున అతను భూపేష్ గదికి పోయాడు. గడపలోనే నిలబడ్డాడు.

"అన్నా, ఈ ఒక్క ఆటలో నాకు రెండు బంతులియ్యి. ఎప్పుడూ అడగల్యా."

భూపేష్ పాదాలకు బట్ట చుట్టుకుంటూ ఆలోచించాడు. అవతలి జట్టు కెప్టెన్ వీరభద్ర అనేవాడు. కడప వైపు విశ్వవిద్యాలయంలో చదువుతున్నా పుట్టింది ఆలూరు దగ్గరే. మంచి ఆటగాడు. బండల సంగతి తెలిసినవాడు కాబట్టి బూట్లు విప్పి ఆడతాడని ముందే కబురందింది.

"ఆ వీరభద్రను ఈశాన్యానికి తోలు. వాడు లేచి నిలబడకూడదు. అప్పుడు రెండు కాదు, నాలుగిస్తా" అన్నాడు భూపేష్.

"వాడు మా పక్కూరోడు, అన్నా. సుగ్గిలో ఒకే పాకలో ఉన్న్యాము."

"అయితే ఇంకా మంచిది. ఏ కాలు మీద లేస్తాడో నీకు తెలిసుంటాది."

తెలుసు. ఎడమ కాలు మీద లేస్తాడు. మిరప బస్తాల మీదినుంచి దూకే ఆటలో చిన్నప్పుడే చూశాడు. వీరభద్ర తల్లి రామేశ్వరమ్మ, హులిగెమ్మ ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్ళు. వీరభద్రకు కూడా ఆ కానిస్టేబుల్ ఉద్యోగమే కావాలి. ఇవన్నీ ఉరుకుందప్పకు తెలుసు. సరేనని చెప్పి వచ్చాడు.

మధ్యాహ్నం ఎండలో ఆట మొదలైంది. షామియానా కింద సెలెక్టర్లు, ఉపకులపతి. చుట్టూ జనం. వీరభద్ర బూట్లు విప్పి, ఎవరూ చెప్పకుండానే హగరి వాళ్ళ గోనెపట్టా మీద కాళ్ళు తడుపుకున్నాడు. జనం నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. మొదటి క్వార్టర్‌లోనే కడప జట్టు ముందుకు పోయింది. ఉరుకుందప్ప ఫౌళ్ళు దాచుకుంటూ ఆడాడు. మోచేయి వాడలేదు. భూపేష్‌కు రెండు దెబ్బలు తగిలాయి, షామియానా పక్కనుంచి రంగన్న బూతులు తిట్టాడు.

రెండో క్వార్టర్‌లో గీత దగ్గర బంతి కోసం నిలబడినప్పుడు వీరభద్ర పక్కకొచ్చాడు.

"ఏమప్పా ఉరుకుందా, అమ్మ కండ్లు ఎట్లుండాయి?"

"ఉండాయి" అన్నాడు ఉరుకుందప్ప.

తర్వాతి బంతికే తోలడం మొదలుపెట్టాడు. కొట్టలేదు, తోయలేదు. చేతులు చాపి మధ్యదారి మూసి, అడుగు తర్వాత అడుగు వేశాడు. వీరభద్ర ఖాళీ ఉన్న వైపుకు జరిగాడు. ఖాళీ ఈశాన్యంలోనే ఉంది. అడుగుకింద పాచి తగిలాక వీరభద్రకు అర్థమైంది. వెనక్కి రావడానికి చోటు లేదు, అందుకని అక్కడినుంచే బంతి వేయడానికి ఎడమ కాలు మీద లేచాడు. అతను గాల్లో ఉన్నప్పుడు ఉరుకుందప్ప భుజంతో తుంటిమీద గుద్దాడు. దిగిన కాలు పాచి మీద జారి, ఆ మూలన పూడిపోయిన కాలువ అంచుకు పెట్టిన బండ మీద అడ్డంగా పడింది. దాని మీద అతని బరువంతా పడింది. ఉరుకుందప్ప బరువు కూడా.

మోకాటి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. వీరభద్ర మొదట అరవలేదు, కాలు వైపు చూసి దాన్ని చేత్తో లోపలికి తోసుకోబోయాడు. తర్వాత అరిచాడు. కడప పిల్లలు ఉరుకుందప్ప మీద పడ్డారు, ఒకడు అతని చెవి కొరికాడు, ఇంకొకడు కడుపులో తన్నాడు. పోలీసులు లాఠీలు ఊపి విడదీశారు. వీరభద్రను బెంచీ మీద వేసి మోసుకుపోయారు. రెఫరీ ఉరుకుందప్పకు ఒక ఫౌల్ ఇచ్చాడు. ఒక్కటే. ఆట సాగాలని ఉపకులపతి సైగ చేశాడు. బండ మీద నెత్తురు ఈశాన్యానికే పారింది.

ఇక హగరికి ఎదురు లేకుండా పోయింది. భూపేష్ వరసగా వేశాడు. ఉరుకుందప్ప చెవినుంచి కారుతున్న నెత్తురు తుడుచుకుని, జీవితంలో మొదటిసారి ఆట చివరి క్వార్టర్‌లో కోర్టు మీద ఉన్నాడు. రింగు కింద ఖాళీగా నిలబడి చేతులు ఎత్తాడు. బంతి రాలేదు. మళ్ళీ ఎత్తాడు. భూపేష్ అతన్ని చూసి, అతని మీదుగా తనే వేశాడు. ఆట ముగింపుకొస్తుండగా ఉరుకుందప్ప అతని పక్కకు పోయి చిన్న గొంతుతో బంతి అడిగాడు.

"సెలెక్టర్లు నన్ను సూస్తాండారు. అడ్డం జరుగు" అన్నాడు భూపేష్.

ఉరుకుందప్ప జరగలేదు. అతనికి నేర్పిన మోచేయి అతనికి నేర్పినట్టే లేచింది. ఈసారి అది భూపేష్ గొంతులోకి పోయింది. బంతి జారింది. ఉరుకుందప్ప దాన్ని పట్టుకుని రింగు వైపు పరిగెత్తాడు. సొంత కెప్టెన్‌ను కొట్టినవాడికి ఏం శిక్షో రెఫరీకి వెంటనే తోచలేదు, ఈల నోట్లోనే ఉండిపోయింది. బంతి రింగు చుట్టూ తిరిగి లోపల పడింది. పాయింట్లు రాసేవాడు అలవాటుగా రెండు రాశాడు.

తక్కిన ముగ్గురు జట్టువాళ్ళకు తమ పని ఏమిటో బాగా తెలుసు. పెద్దమనిషి మీద చెయ్యి పడింది. వాళ్ళు ఉరుకుందప్పను కాళ్ళుపట్టి లాగి పడేశారు. తల బండకు తగిలింది. ముగ్గురూ తన్నుతుంటే అతను ఒకడి మడమ పట్టుకుని మెలిపెట్టాడు, అది కీలు తప్పింది. అప్పటికి రంగన్న షామియానా తాడుకు కొట్టిన ఇనుపమేకు పెరుక్కుని వచ్చాడు. ఉరుకుందప్ప కుడిచెయ్యి బండ మీద పరిచిపెట్టి, మణికట్టు మీద కాలు పెట్టి తొక్కి, వేళ్ళ మీద కొట్టాడు. ఒక్కో వేలుకూ ఒక దెబ్బ. చూసినవాళ్ళు శ్రీనివాసులు సార్ అడ్డుపడ్డాడని చెప్పరు, సార్ మాత్రం అడ్డుపడ్డానని చెబుతాడు. సెలెక్టర్లు కారెక్కి పోయారు. దారిలోనే జట్టు ఎంచుకున్నారు. హగరి నుంచి భూపేష్ ఒక్కడికి చోటు దొరికింది. ఆ వారంలో వాళ్ళ మేనత్త కూతురి పెళ్ళి ఉండడంతో అతను జోనల్ పోటీలకు పోనేలేదు.

ఆదోని ఆసుపత్రిలో ఉరుకుందప్పకు, వీరభద్రకు పక్కపక్క మంచాలు పడ్డాయి. పనిగట్టుకుని వేసినవి కావు, ఖాళీ అవే ఉన్నాయి. రామేశ్వరమ్మ వచ్చి కొడుకు కాలు చూసి, ఏమీ అడగకుండా స్టీలు క్యారియర్ తీసుకుని ఉరుకుందప్ప తలమీద, భుజాల మీద కొట్టింది. సాంబారు అతని మొహం నిండా కారింది. హులిగెమ్మ కొడుకు కాళ్ళదగ్గరే కూర్చుని ఉంది, ఆపలేదు. రామేశ్వరమ్మ చేతులు అలిసిపోయాక హులిగెమ్మ లేచి ఆమెకు నీళ్ళు ఇవ్వబోయింది. రామేశ్వరమ్మ ఆ గ్లాసు కూడా విసిరికొట్టింది.

మూడోరోజు రంగన్న పండ్లు తెచ్చాడు. భూపేష్‌కు గొంతు బాగైందని, కోపం కూడా పోయిందని చెప్పాడు. కట్టు విప్పాక జమ్మలమడుగు రమ్మన్నాడట. జీపులో కూర్చుంటే చాలు, తిండి, బట్ట, జీతం. అట్లాంటి మోచేయి ఎక్కడా దొరకదని అన్నాడట.

"ఈ చేత్తో ఏం పని జేస్తా, రంగన్నా?" అన్నాడు ఉరుకుందప్ప.

"ఎడమ చెయ్యి ఉండాది కదప్పా."

"ఉండాది" అని ఉరుకుందప్ప ఎడమ చేత్తో పక్కనున్న సెలైన్ స్టాండు లాగి రంగన్న మొహం మీద కొట్టాడు. ముక్కు చితికింది. రెండోసారి నోటి మీద కొట్టాడు. వార్డు బాయ్‌లు వచ్చి లాగేసరికి రంగన్న తను తెచ్చిన పండ్ల మధ్యలో చేతులు నేలకు ఆనించి నెత్తురు ఉమ్ముతున్నాడు. చెప్పుదెబ్బకు బదులని కొందరంటారు. అట్లా అనుకుంటే కథ బాగుంటుంది. ఉరుకుందప్పను అడిగితే కోపమొచ్చింది కొట్టినా అంటాడు, అంతే.

ఆ గొడవ సద్దుమణిగాక, మూడురోజులుగా గోడవైపే చూస్తున్న వీరభద్ర మొదటిసారి మాట్లాడాడు.

"బంతి పడిందా?"

"పడింది."

"రెండా, మూడా?"

"రెండు."

"నా కాలికి రెండా?"



ఆ ఏడు హులిగెమ్మ సుగ్గికి పోయింది. కొడుకు కుడిచెయ్యి కట్టులో ఉంది, ఇంట్లో ఇంకెవరూ లేరు. ఎండాకాలం తిరిగి వచ్చేసరికి ఎడమకన్ను పూర్తిగా పోయింది, కుడికంటికి వెలుగు, నీడ మాత్రం తెలుస్తాయి. ఉరుకుందప్ప పరీక్షలు రాయలేదు. అతని కుడిచేతిలో బొటనవేలు, చూపుడువేలు పనిచేస్తాయి. తక్కినవి వంగవు. మరుసటి ఏటికి జట్టును రద్దు చేశారు. ఇప్పుడు కొత్త కోర్టు వస్తుందని అక్కడ ఒక శంకుస్థాపన ఫలకం ఉంది.

ఉరుకుందప్ప ఇప్పుడు సుగ్గి మేస్త్రి. పల్లె నుంచి జనాన్ని పోగుచేసి వ్యాన్లో గుంటూరు తీసుకుపోతాడు. కూలి తేడా వస్తే రైతుతో మాట్లాడేది అతనే, మాటలు చాలకపోతే మిగతా పనీ అతనిదే. పోయిన ఏడే ఒక దళారి పళ్ళు రాలగొట్టి, రెండు రోజులు స్టేషన్లో ఉండి వచ్చాడు. మంచివాడయ్యాడని నేను రాయను.

మూడేళ్ళ క్రితం వ్యాను బయల్దేరే పొద్దున వీరభద్ర వచ్చాడు. కాల్లో ఇనుపకడ్డీ, చేతిలో కర్ర. అంతవరకు ఆలూరులో సెల్‌ఫోన్ల అంగట్లో కూర్చున్నాడు, అది మూతపడింది. సీటుందా అని డ్రైవర్‌ను అడిగాడు, ఉరుకుందప్పను కాదు. ఉరుకుందప్ప ముందు సీట్లో ఉన్నవాణ్ణి దించి వెనక్కి పంపాడు.

చేను దగ్గర రైతు వీరభద్ర కాలు చూసి, కుంటివాణ్ణి ఎందుకు తెచ్చావని గట్టిగా అడిగాడు.

"వాని సాలు నేను కోస్తా" అన్నాడు ఉరుకుందప్ప.

అప్పటినుంచి అదే పద్ధతి. ముందు తన సాలు, ఎడమ చేత్తో, కుడిచేతి రెండు వేళ్ళతో. తర్వాత వెనక్కి వచ్చి వీరభద్ర సాల్లో మిగిలింది. ఇద్దరూ కలిసిపోయారని వ్యాన్లో జనం చెప్పుకుంటారు. కలవలేదు. రామేశ్వరమ్మ హులిగెమ్మ గడప తొక్కదు. వీరభద్ర అతనితో కలిసి తినడు, అతన్ని పేరుపెట్టి పిలవడు. పోయిన సుగ్గిలో ఒక సాయంత్రం ఉరుకుందప్ప రెండు సాళ్ళూ ముగించి, మంటెక్కిన చేతులు మట్టిలో రుద్దుకుంటూ గట్టు ఎక్కాడు. సాలు చివర బస్తా మీద కాలు చాపుకుని కూర్చున్న వీరభద్ర చేను వైపు కర్ర చూపించాడు.

"ఆడ నాలుగు చెట్లు ఇడిసిపెట్టినావు. పో."

ఉరుకుందప్ప గట్టు దిగి మళ్ళీ సాల్లోకి పోయాడు.